అతుకుల మేస్త్రి రెండో లైను

పనిలో ఆయన్ని అందరూ అతుకుల మేస్త్రి అనేవారు. ఇంట్లో మాత్రం ఆ పేరు ఎత్తడానికి వీల్లేదు. ఆయన భార్య దర్జీ. వీధివైపు గదిలో రెండు కుట్టుమిషన్లు వేసుకుని చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళ బట్టలన్నీ కుట్టేది. ఎవరైనా గుమ్మంలో నిలబడి "అతుకుల మేస్త్రిగారిల్లు ఇదేనా అండీ?" అని అడిగితే, ఆమె పళ్ళ మధ్య పట్టుకున్న గుండుసూది తీసి, "ఇది అతుకులు వేసే ఇల్లు కాదండీ, కొత్తబట్టలు కుట్టే ఇల్లు. వెల్డింగ్ మేస్త్రిగారు కావాలంటే లోపలున్నారు," అనేది.

ఆయన పని గ్యాస్ పైపులు కలపడం. ఒక మనిషి రెండు చేతులా కౌగిలించుకున్నా వేళ్ళు కలవనంత లావుపాటి ఉక్కు పైపులు అవి. రెండింటినీ ఎదురెదురుగా తెచ్చి, మధ్యలో గోరు పట్టేంత సందు మాత్రం ఉంచి, ఆ సందును కరిగిన లోహంతో పొర మీద పొరగా నింపుతూ రావాలి. అన్నిటికంటే అడుగున ఉండే పొర ముఖ్యం. గ్యాస్ తగిలేది దానికే. పైన ఎన్ని పొరలు వేసినా అడుగుది సరిగ్గా కరిగి రెండు అంచులకూ అంటుకోకపోతే ఆ అతుకు అతుకు కాదు. "మొదటిదే పని, మిగతావన్నీ దానికి కప్పే దుప్పట్లు," అనేవాడు మేస్త్రి.

ఒక్కో పొరకీ పైన తేలిన తెట్టును గ్రైండరుతో గీకి, లోహం మెరిసేదాకా శుభ్రం చేసే మనిషి ఒకడుండాలి. ఆ మనిషి ఆయన బావమరిది. పెళ్ళైన కొత్తల్లో ఊరికి గ్యాస్ తెచ్చే మొదటి లైను వేస్తున్నప్పుడు, ఖాళీగా ఉన్నాడు కదా అని తీసుకెళ్ళి చేతికి గ్రైండరిచ్చాడు. అంతే, ఇక బావ ఎక్కడుంటే అతనూ అక్కడే. "మా వాళ్ళు అక్కతో పాటు నన్ను కూడా ఈయనకే ఇచ్చేశారు," అని అందరికీ చెప్పుకునేవాడు. నోట్లో వేలు పెట్టినా కొరకని మనిషి. చెప్పిన జోకే మళ్ళీ చెప్పి, తానే మొదట నవ్వేవాడు.

ఆ మొదటి లైను వేసేనాటికి ఊరు చిన్నది. ఆ తర్వాత చూస్తుండగానే పెరిగిపోయింది. గాజుసామాన్ల ఫ్యాక్టరీ వచ్చింది. పెద్దాసుపత్రి బాయిలర్లకు గ్యాసే పెట్టారు. ఇళ్ళ మీద ఇళ్ళు లేచాయి. పైపు మాత్రం అదే. చలికాలం పొద్దున్నే ఊరంతా ఒక్కసారి పొయ్యి వెలిగిస్తే మంట నీలంగా వణికి, పిల్లి నాలికంత అయిపోయేది. దర్జీగారు అన్నం గిన్నె పొయ్యి మీద పెట్టి, కుట్టుమిషను దగ్గరకొచ్చి జాకెట్టు చేతులు రెండూ కుట్టి వెళ్ళినా నీళ్ళు మరిగేవి కావు. గాజు ఫ్యాక్టరీవాళ్ళకి వారానికోసారి కొలిమి తగ్గించుకోమని కబురు వచ్చేది. కొలిమి చల్లబడితే లోపలి గాజంతా పాడు.

చివరికి కంపెనీ లైను సామర్థ్యం పెంచాలని నిర్ణయించింది. పని మొదలయ్యే రోజు ఇంజనీరు అందరినీ రేకుల షెడ్డులో కూర్చోబెట్టి విషయం చెప్పాడు. పాత పైపు తీసేసి పెద్దది వేయడం లేదు. ఉన్నదాని పక్కనే, గ్యాస్ ఎక్కువ ఇరుకుపడే దూరం మేరకు, రెండో పైపు వేస్తారు. దాని రెండు చివరలనూ పాతదానికే కలుపుతారు. మధ్యలో గ్యాసును గట్టిగా తోసే కంప్రెసరు ఒకటి కొత్తగా పెడతారు.

"అర్థమైంది సార్," అన్నాడు బావమరిది. "సినిమాహాలుకి ఒకటే తలుపుంటే ఆట వదిలాక తొక్కిసలాట. పక్కన ఇంకో తలుపు కొడుతున్నాం. కంప్రెసరేమో వెనకనించి నెట్టేవాడు."

ఇంజనీరు నవ్వి, ఆ మాటే పై అధికారులకి చెబుతానన్నాడు.

మేస్త్రికి ఆ పని వచ్చిందని తెలిసినప్పుడు ఎంత సంతోషం వేసిందో మాటల్లో చెప్పలేదు గాని, ఆ సాయంత్రం ఆయన ముఖానికి పెట్టుకునే ముసుగు తెచ్చి పెరట్లో కూర్చుని తుడిచిన తీరు చూసి భార్యకి అర్థమైంది. కుర్రతనంలో కలిపిన పైపు పక్కనే, పదవీవిరమణకు ముందు రెండోది కలపడం అందరికీ దక్కేది కాదు. పైగా ఆఖరి అతుకులు, అంటే కొత్త పైపును పాతదానికి కలిపేవి, ఆయనే వేయాలని ఇంజనీరు ముందే అన్నాడు.

ఆ అతుకుల సంగతి వేరు. కొత్త పైపు కలపడం అయిపోగానే దాన్నిండా నీళ్ళు నింపి, మామూలుగా ఉండేదానికన్నా ఎక్కువ ఒత్తిడి పెట్టి చూస్తారు. ఎక్కడైనా లోపముంటే అక్కడ తెలిసిపోతుంది. కాని పాత పైపులో నీళ్ళు పోయలేరు. కనక ఆఖరి అతుకులకు నీళ్ళ పరీక్ష ఉండదు. ఎక్స్‌రే తీసి, ఫిల్ము చూసి, బాగుందని ఒకరు చెప్పాలి. ఆ మాట మీదే గ్యాస్ వదులుతారు.

ఆ మాట చెప్పాల్సిన మనిషి మేస్త్రి కూతురు.

ఆయనకి ఒక్కతే కూతురు. చిన్నప్పుడు తండ్రి ముసుగులోని నల్లద్దం ఊడదీసి సూర్యుణ్ణి చూసి, ఆకుపచ్చ బిళ్ళలా ఉన్నాడని వీధంతా చాటింది. పెద్దయ్యాక చదువుకుని, అతుకులు పరీక్షించే వేరే సంస్థలో చేరింది. ఈ లైను పరీక్షలు ఆ సంస్థకే వచ్చాయి. వెల్డింగు చేసేవాళ్ళలో తన తండ్రి ఉన్నాడని ఆమె మొదటిరోజే వాళ్ళ ఆఫీసులోనూ, ఇంజనీరుకూ చెప్పేసింది. ఆమె చూసిన ఫిల్ములు వాళ్ళ పెద్దాయన ఒకరు వారం వారం వచ్చి మళ్ళీ చూసేట్టు ఏర్పాటు చేశారు.

"తండ్రి వేస్తాడు, కూతురు చూస్తుంది. ఇంక తప్పు అనేవాడెవడు?" అన్నాడొక వెల్డరు అన్నం తినేచోట. అతన్ని అందరూ ఎక్స్‌ప్రెస్ అంటారు. వయసులో మేస్త్రికన్నా చాలా చిన్న. చేతివేగం ఎక్కువ, మాటవేగం అంతకన్నా ఎక్కువ.

"మా మేనకోడలి సంగతి నీకు తెలీదు," అన్నాడు బావమరిది. "పప్పులో రాయి వస్తే వాళ్ళమ్మని కూడా వదల్లేదు. గిన్నె పళంగా వెనక్కి పంపింది."

మేస్త్రి అన్నం డబ్బా మూతపెట్టి లేచాడు. ఎక్స్‌ప్రెస్ అంటే ఆయనకి మొదటినించీ పడదు. అతని అతుకులు ఫిల్ములో బాగానే వస్తున్నా, అంత తొందరగా చేసేవాడి పని నిలవదని ఆయన నమ్మకం.

ఆయన కళ్ళ సంగతి మొదట కనిపెట్టింది భార్య. ఆయన టీగ్లాసు బల్ల మీద పెడుతున్నాననుకుని అంచుమీద పెట్టేవాడు. ఆమె ఒలికిన టీ చీర కొంగుతో తుడుస్తూ, "ఏవండీ, కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్దామా?" అంటే, "బల్లే చిన్నది," అని దాటేసేవాడు. బావమరిది ఇంకొకటి గమనించాడు. అతుకు మొదలుపెట్టే ముందు బావ చేతితొడుగు తీసి, వేలితో సందు వెతుక్కుంటున్నాడు. ఇదివరకు చూపుతోనే పట్టేవాడు. అడుగుదామనుకున్నాడు గాని నోరు రాలేదు. ఇన్నేళ్ళూ బావ చెప్పడం, తాను వినడమే తప్ప, తాను చెప్పడం అలవాటు లేదు.

మేస్త్రికి మాత్రం తెలీకనా? సూటిగా చూస్తే మధ్యలో ఏదో పొగలాంటిది అడ్డుపడుతోంది. తల కాస్త పక్కకి తిప్పితే కనబడుతోంది. ముసుగులో మనిషి తల ఎటు తిప్పాడో ఎవడికి తెలుస్తుంది? మిగతాదంతా చెవితో సర్దుకుంటున్నాడు. లోహం సరిగ్గా కరుగుతున్నప్పుడు నూనెలో ఏదో వేగుతున్నట్టు ఒక తీరుగా చిటపటలాడుతుంది. ఆ చప్పుడు తప్పితే చెయ్యి సర్దుకునేవాడు. అలా చాలా అతుకులు గడిచిపోయాయి, ఒక్కటీ వెనక్కి రాలేదు. అందుకే తనకేమీ కాలేదని తనే నమ్మాడు.

ఎక్స్‌రే తీసేటప్పుడు చుట్టూ తాడు కట్టి అందర్నీ దూరం పంపేస్తారు. తీసిన ఫిల్మును అక్కడే వ్యానులో చీకటిగదిలో కడిగి ఆరబెడతారు. కూతురు తన కేబిన్లో దీపాలు ఆర్పి, కళ్ళు మసకవెలుతురికి అలవాటయ్యేదాకా కాసేపు ఊరికే కూర్చుని, అప్పుడు ఫిల్మును వెలుగుపెట్టె మీద పెట్టి చూసేది. అతుకు ఫిల్ములో తెల్లటి పట్టీలా ఉంటుంది. లోపముంటే నల్లగా కనబడుతుంది. గాలిబుడగ అయితే చుక్క, తెట్టు ఇరుక్కుంటే మచ్చ. అంచు కరగకుండా మిగిలిపోతే గీత. గీతే ప్రమాదం. ఒత్తిడి పెరిగిందంటే చిరుగు మొదలయ్యేది అక్కణ్ణించే.

ఒకరోజు అలాంటి గీత కనబడింది. వెంట్రుక మందాన, పెన్సిలు మొన చెక్కి గీసినంత తిన్నగా, అడుగు పొర పక్కన. అతుకు పక్కన సీసపు అక్షరాలతో పెట్టిన వెల్డరు గుర్తు ఆ ఫిల్ములో కూడా పడుతుంది. ఆమె ముందు గీత కొలిచింది, తర్వాత గుర్తు చూసింది. గుర్తు తండ్రిది.

అనుమతి ఉన్న పొడుగుకన్నా గీత కాస్త ఎక్కువ. చాలా కాదు, కాస్త. కొలబద్ద పెట్టి మళ్ళీ చూసింది. అంతే ఉంది. ఆరోజు పెద్దాయన వచ్చాడు. ఆయన కూడా చూసి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, "సరిహద్దులో ఉందమ్మా. వేరే ఎవరిదైనా అయితే ఏం రాస్తావు?" అని అడిగాడు.

"బాగుచేయాలని రాస్తాను సార్."

"మరి అదే రాయి. నన్నెందుకు అడగడం?"

"నేను అడగలేదు సార్. మీరే అడిగారు."

పెద్దాయన అవునన్నట్టు తలూపి పక్క ఫిల్ము తీసుకున్నాడు.

అతుకు తిరస్కరించినట్టు కబురు వచ్చేసరికి మేస్త్రి కందకంలో ఉన్నాడు. పైకి ఎక్కి వచ్చి, విని, మళ్ళీ కిందికి దిగాడు. అంతటితో ఊరుకుంటే బాగుండేది. అన్నం దగ్గర మాత్రం ఆగలేకపోయాడు. ఫిల్ము సరిగ్గా కడగలేదేమో అన్నాడు. ఈ కాలంలో మందునీళ్ళు కూడా పలచనే అన్నాడు. కొత్తగా చూసేవాళ్ళకి ప్రతి గీతా పగులులాగే కనబడుతుందన్నాడు. ఎవరి గురించి అంటున్నాడో అందరికీ తెలుసు గనక తలలు దించుకుని తిన్నారు. ఎక్స్‌ప్రెస్ కూడా జోకు వేయలేదు.

ఆ మాటలు కూతురి చెవిన పడటానికి ఎంతసేపు? సాయంత్రం ఇంటికి వచ్చి బూట్లు విప్పుతూ ఉంటే తల్లి వంటింట్లోంచి తొంగిచూసి, "ఇదిగో, ఇద్దరికీ కలిపి చెబుతున్నా. పైపుల గొడవ పైపుల దగ్గరే వదిలేసి రండి. ఇక్కడ నా గొడవలు నాకున్నాయి. ఆ మూలింటావిడ జాకెట్టు నాలుగోసారి వెనక్కి పట్టుకొచ్చింది," అంది.

"ఎందుకట?" అడిగింది కూతురు.

"భుజం దగ్గర లాగుతోందట."

"లాగుతోందా మరి?"

తల్లి చేతిలోని గరిటె దించింది. "లాగుతోంది," అని ఒప్పుకుని లోపలికి వెళ్ళిపోయింది. మేస్త్రి వాకిట్లో కుర్చీలో కూర్చుని అంతా విన్నాడు. విననట్టు ఉన్నాడు.

ఆ అతుకును తనే బాగుచేస్తానని మర్నాడు పట్టుబట్టాడు. అది ఆయన హక్కే. చెడిన చోటు గ్రైండరుతో తవ్వి తీసి, మళ్ళీ నింపాలి. బావమరిది తవ్వాడు. గీత ఉన్నచోటు బయటపడేదాకా తవ్వితే నిజంగానే అక్కడ అంచు కరగకుండా నల్లగా నిలబడి ఉంది. అతను చూశాడు. బావ వైపు చూశాడు.

"ఉందా?" అన్నాడు మేస్త్రి.

"ఉంది బావా."

మేస్త్రి ముసుగు దించుకుని మళ్ళీ వేశాడు. కళ్ళల్లో వత్తులు వేసుకుని, ఊపిరి బిగబట్టి, తనకు తెలిసిన ఒడుపంతా పెట్టి వేశాడు. పైకి చూస్తే ఆ అతుకు అచ్చు గుద్దినట్టు ఉంది. బావమరిది చేత్తో తడిమి, "వెన్నలా ఉంది," అన్నాడు. ఆ మాట నిజమే.

మళ్ళీ ఎక్స్‌రే తీశారు. గీత మళ్ళీ వచ్చింది, కాస్త పక్కకి జరిగి.

రెండోసారి కూడా చెడితే ఇక బాగుచేయడం ఉండదు. ఆ అతుకు మొత్తాన్ని కోసేసి, కొత్త ముక్క పెట్టి కలపాలి. పని ఆలస్యమవుతుంది. అందరికీ తెలుస్తుంది. కూతురు ఆ ఫిల్మును పెట్టె మీదే ఉంచి చాలాసేపు కూర్చుంది. ఒకే చోట రెండుసార్లు గీత రావడం ఆమెకి అంతుబట్టలేదు. తండ్రి చేతిపని ఆమెకి దస్తూరీలా తెలుసు. లోహపు అలలన్నీ ఒకే ఎడంగా, కడదాకా ఒకే తీరున ఉండేవి. ఈ అతుకులో కూడా అలలు అలాగే ఉన్నాయి. కానీ మొత్తంగా ఒక వెంట్రుకవాసి పక్కకి జరిగి ఉన్నాయి, చీకట్లో సంతకం చేసినట్టు.

అప్పుడే తలుపు కొట్టిన చప్పుడైంది. మేస్త్రి. పని దగ్గర ఆయన ఇంతవరకు ఆ కేబిన్లో అడుగుపెట్టలేదు.

"లోపలికి రావచ్చా?"

"రా నాన్నా."

"చూపించు," అన్నాడు. ఆ గొంతులో కోపమే ఉంది.

ఆమె లేచి తన కుర్చీ ఇచ్చింది. ఆయన కూర్చుని పెట్టె మీదికి వంగాడు. కళ్ళు చికిలించాడు. వెనక్కి జరిగాడు, మళ్ళీ ముందుకి. తల కుడికి వంచి, ఎడమకి వంచి చూశాడు. ఆమె వేలు పెట్టి చూపించబోయి ఆగింది. ఎందుకు ఆగిందో ఆమెకే తెలీదు. తర్వాత ఎప్పుడో తల్లితో ఆ మాటే చెప్పింది.

చాలాసేపటికి ఆయన, "ఇదేనా?" అని వేలుపెట్టాడు.

అది గీత కాదు. ఫిల్ము అంచున వేసిన అంకె.

ఆయన వేలు అలాగే కాసేపు ఉంచి, నెమ్మదిగా తీసేశాడు.

"ఇది కాదు కదూ?"

"కాదు నాన్నా."

"ఎక్కడుంది?"

ఆమె పెన్సిలు మొనతో చూపించింది. ఆయన మళ్ళీ వంగాడు. "నాకు కనబట్టం లేదమ్మా," అన్నాడు. "నువ్వు లేనిది చెబుతున్నావని కాదు. ఉండే ఉంటుంది. నాకే కనబట్టం లేదు."

"ఎన్నాళ్ళ నించి?"

"సూటిగా చూస్తే పోతోంది. పక్కకి చూస్తే ఉంటోంది. ఎన్నాళ్ళని చెప్పను? ఒకరోజని ఏముంది."

"మరి ఇన్ని అతుకులు ఎలా వేశావు?"

"వినబడేది," అన్నాడాయన.

ఆమె దీపం వేసింది. వెలుతురులో చూస్తే తండ్రి ముఖం పాలిపోయి ఉంది. ఆయన లేచి, గోడకి తగిలించిన ఆమె కోటు సర్దాడు, అది సరిగ్గానే ఉన్నా. "నువ్వు రాయాల్సింది రాసెయ్యి," అని బయటికి వెళ్ళిపోయాడు.

కేబిన్లో ఆయన పెద్దమనిషి తరహాగానే నడుచుకున్నాడు. కాని మనిషి కదా. ఇంటికి వెళ్ళాక చాలారోజులు కూతురితో మాట్లాడలేదు. కోపం కాదు. ఏం మాట్లాడాలో తెలీకపోవడం. అన్నం పెట్టేటప్పుడు "కూర వేయనా నాన్నా?" అంటే భార్య వైపు తిరిగి "చాలని చెప్పు," అనేవాడు. భార్య విసిగిపోయి, "నేను మధ్యలో టెలిఫోనునా?" అంది.

ఆ అతుకును కోసేసి కొత్త ముక్క పెట్టారు. ఆయన వేసిన అతుకుల ఫిల్ములన్నీ పెద్దాయనా, కూతురూ కలిసి మొదటినించీ మళ్ళీ చూశారు. ఆ ఒక్కటి తప్ప అన్నీ బాగానే ఉన్నాయి. కొన్ని ఎంత బాగున్నాయంటే పెద్దాయన చూసి, "చెవితో వేశాడా ఇవి?" అని ఈల వేసినంత పని చేశాడు. కూతురు ఆ సంగతి తండ్రికి చెబుదామనుకుంది. కాని అది ఓదార్పులా ఉంటుందని ఊరుకుంది.

కళ్ళ డాక్టరు దగ్గరికి బావమరిది తీసుకెళ్ళాడు. చూపు నడిమధ్యలో మచ్చ పడిందనీ, ఒక కంట్లో పోయింది తిరిగి రాదనీ, రెండోది మందుతో చాలావరకు నిలబెట్టవచ్చనీ డాక్టరు చెప్పింది. "వెల్డింగు వెలుగు వల్లేనా?" అని అడిగాడు మేస్త్రి. కావచ్చు, కాకపోవచ్చు, వయసు వల్ల కూడా వస్తుందని చెప్పిందామె. తిరిగి వస్తున్నప్పుడు బస్సులో బావమరిది, "నేను ముందే చూశాను బావా. చెప్పాల్సింది," అన్నాడు.

"చెబితే వినేవాణ్ణా?"

"వినేవాడివి కాదు."

"మరింకేం?" అన్నాడు మేస్త్రి. ఆ తర్వాత కిటికీలోంచి పక్కకి తిరిగి, కనబడేంత మేరా చూస్తూ కూర్చున్నాడు.

మర్నాడు ఇంజనీరు దగ్గరికి ఒక్కడే వెళ్ళాడు. ఆఖరి అతుకులు తాను వేయనని చెప్పాడు. ఇంజనీరు నొచ్చుకున్నాడు. ఎవరికి ఇద్దామని అడిగాడు. మేస్త్రికి ఆ జవాబు చెప్పడం, ఆ మొదటి మాట చెప్పడం కన్నా కష్టమైంది. నీళ్ళు నమిలి నమిలి, "ఆ ఎక్స్‌ప్రెస్‌కి ఇవ్వండి. చెయ్యి మంచిది. నోరే బాగోదు," అన్నాడు.

ఆ రోజు రానే వచ్చింది. పొద్దున్నే పాత పైపులో రెండువైపులా వాల్వులు మూసి, మధ్యలోని గ్యాసు ఖాళీ చేశారు. ఊరివైపు పైపులో నిలవ ఉన్న గ్యాసుతోనే సాయంత్రం దాకా ఊరు నెట్టుకురావాలి. గాజు ఫ్యాక్టరీవాళ్ళు కొలిమి తగ్గించారు. ఆసుపత్రికి వేరే ఇంధనం సిద్ధం చేశారు. సాయంత్రం వంటల వేళకి గ్యాస్ వదలకపోతే ఊరంతా పస్తు.

పాత పైపు కోసినచోట లోపలి అంచు బయటపడింది. దాని పక్కనే మేస్త్రి కుర్రతనంలో వేసిన అతుకు ఉంది. తుప్పు గీకితే అలలు అలాగే ఉన్నాయి. ఎక్స్‌ప్రెస్ దాన్ని వంగి చూసి, చూసి, "ఇది మీదేనా మేస్త్రిగారూ?" అన్నాడు.

"నాదే. దాన్నట్టా చూడకు, పని చూసుకో."

ఎక్స్‌ప్రెస్ ముసుగు దించాడు. బావమరిది గ్రైండరుతో పక్కన నిలబడ్డాడు. బావ కాని మనిషికి అతను గ్రైండరు పట్టడం అదే మొదటిసారి. మేస్త్రి కందకం అంచున బోర్లించిన పెట్టె మీద కూర్చున్నాడు. అక్కడ ఆయనకి పనేమీ లేదు. ఇంజనీరు ఇంటికి వెళ్ళమనలేదు, ఉండమనీ అనలేదు.

అడుగు పొర మొదలైంది. మేస్త్రి కళ్ళు మూసుకుని విన్నాడు. చిటపటలు వేగంగా, చాలా వేగంగా వస్తున్నాయి. ఆయన మనసులో ఒక్కో క్షణం, తప్పింది, ఇప్పుడు తప్పింది, అనిపించింది. నోటిదాకా వచ్చింది. అరిచి ఆపుదామనుకున్నాడు. తనకి అలవాటైన చప్పుడు కాదది. కాని అది తప్పు చప్పుడా, వేరే మనిషి చప్పుడా? ఇన్నాళ్ళూ తన చెవిని నమ్మి గీత వేసినవాడు తనే. పెట్టె అంచు రెండు చేతులా పట్టుకుని ఊరుకున్నాడు. జీవితంలో ఆయన చేసిన కష్టమైన పనుల్లో అదొకటని తర్వాత బావమరిదితో అన్నాడు.

పొర మీద పొర పడింది. తాడు కట్టారు. అందరూ దూరం వెళ్ళారు. ఎక్స్‌రే తీశారు. కూతురు ఫిల్ము తీసుకుని కేబిన్లోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ఎక్స్‌ప్రెస్ గోళ్ళు కొరుక్కుంటూ అటూ ఇటూ తిరిగాడు. మేస్త్రి అతన్ని పిలిచి పెట్టె మీద సగం జాగా ఇచ్చాడు.

"ఆమె అంతే, టైము తీసుకుంటుంది," అన్నాడు. "ముందు చీకట్లో ఊరికే కూర్చుంటుంది. కళ్ళు అలవాటు పడాలి."

"ఎందుకండీ అంత?"

"లేకపోతే సన్నగీతలు కనబడవు."

తలుపు తెరుచుకుంది. ఆమె ఇంజనీరు దగ్గరికి వెళ్ళి, చిన్న చుక్క ఒకటి ఉందనీ, అది అనుమతిలోనే ఉందనీ, గీతలు లేవనీ, అతుకు బాగుందనీ చెప్పింది. రెండో చివరి అతుకు కూడా అలాగే తేలింది. సాయంత్రం లోపల వాల్వులు తెరిచారు. గ్యాసు కొత్త పైపులోకి వెళుతుంటే దూరంగా గాలి వీచినట్టు ఒక చప్పుడు వచ్చి, క్రమంగా సద్దుమణిగింది. ఊళ్ళో ఎవరికీ ఏమీ తెలీలేదు. పొయ్యిలు వెలిగాయి, అంతే. దర్జీగారు ఆ చలికాలమంతా మంట చూసి, "ఇప్పుడు జాకెట్టు ఒక చెయ్యి కూడా కుట్టనివ్వట్లేదు, నీళ్ళు పొంగిపోతున్నాయి," అని విసుక్కుంది.

తండ్రీకూతుళ్ళు మళ్ళీ ఎప్పుడు మాట్లాడుకున్నారంటే, ఫలానా రోజని చెప్పడానికి లేదు. ఒకనాటి పొద్దున ఆయన కంట్లో మందు వేసుకోబోతే చెంప మీద పడింది. కూతురు ఆయన చేతిలోంచి సీసా తీసుకుని, "తల వెనక్కి పెట్టు," అంది. ఆయన పెట్టాడు. అప్పట్నించీ రోజూ ఆమే వేసేది. అలా మాటలూ వచ్చాయి. ఫిల్ములు సరిగ్గా కడగలేదని తాను అన్న సంగతి ఆయన ఒకసారి ఎత్తబోయాడు. "కదలకు, మందు కారిపోతుంది," అని ఆమె ఆపేసింది.

కంపెనీ ఆయన్ని కొత్తవాళ్ళకి వెల్డింగు నేర్పే షెడ్డులో వేసింది. అందరూ అది మంచి ఏర్పాటనుకున్నారు. అది కుదరలేదు. మేస్త్రికి ఓపిక లేదు. ముక్కు మీద కోపం. చేత్తో చేసి చూపించలేడు, నోటితో చెప్పడం రాదు. "అలా కాదు" అంటాడు గాని ఎలాగో చెప్పడు. నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే ఎక్స్‌ప్రెస్ దగ్గరికి జారుకున్నారు. అతను తిట్టుకుంటూనే, జోకులేస్తూనే బాగా నేర్పేవాడు. మేస్త్రి అది చూసి, తనే వెళ్ళి మానేస్తానని చెప్పాడు.

తర్వాత ఆయనకి దొరికిన పని పైపు మీద నడక. రెండు పైపులూ భూమిలో పోయే దారి వెంట నడుస్తూ, పైన ఎవరైనా తవ్వుతున్నారా, ఎక్కడైనా గడ్డి కారణం లేకుండా ఎండిందా, వాసన వస్తోందా, గుర్తురాళ్ళు నిలబడి ఉన్నాయా అని చూడటం. దానికి నడిమి చూపు అంతగా అక్కర్లేదు. పక్కచూపు చాలు. బావమరిది పదవీవిరమణ చేసి కూడా ఊసుపోక ఆయన వెంట నడిచేవాడు. దారిలో చెప్పిన జోకే మళ్ళీ చెప్పేవాడు. మేస్త్రి ఈసారి నవ్వేవాడు, లేదా నవ్వినట్టు దగ్గేవాడు.

ఇప్పుడు ఆ ఊరు ఇంకా పెరిగింది. ఆ రెండు పైపులూ చాలవని, ఇంకొంత దూరం మేరకు మూడోది వేద్దామని ఈమధ్య మాట వచ్చింది. కొలతలు తీసేవాళ్ళు పరికరాలు భుజాన వేసుకుని వచ్చి, దారిలో మేస్త్రిని కలిశారు. ఆయన రెండు లైన్లలోనూ పనిచేశాడని విని ఒకామె, "ఈ మలుపు దగ్గర పాత పైపు ఎంత లోతులో ఉంటుంది అండీ? మీకు గుర్తుండే ఉంటుంది," అని అడిగింది.

ఆయనకి గుర్తుంది. కందకంలో నిలబడితే మట్టి అంచు ఎక్కడికి వచ్చేదో, ఆరోజు ఎంత బురదో కూడా గుర్తుంది. ఒకప్పుడైతే తడుముకోకుండా చెప్పేవాడు. బావమరిది, చెప్పు బావా అన్నట్టు చూశాడు.

"ఇంత ఉంటుందని అనుకుంటున్నాను," అని నడుము దగ్గర చెయ్యి పెట్టి చూపించాడు మేస్త్రి. "కానీ నా మాట మీద తవ్వకండమ్మా. పరికరం పెట్టి చూడండి. మీరు చూసేదాకా ఇక్కడే ఉంటాం."

ఆమె పరికరం నేల మీద పెట్టి మీటలు తిప్పడం మొదలుపెట్టింది. వాళ్ళిద్దరూ పక్కన గడ్డిలో కూర్చున్నారు.